బోల్టు కింద జీడినూనె

మా ఇంట్లో అత్త అల్లుడికి ఎదురుపడి మాట్లాడదు. మా అమ్మ మా ఆయనతో మాట్లాడలేదు, నేనూ మా అల్లుడితో మాట్లాడలేదు. చెప్పాల్సింది ఉంటే తలుపు వెనక నిలబడి కూతురితో అనేదాన్ని, అతనికి వినబడేలా. ఎవరినైనా దెప్పడానికి అంతకంటే సుళువైన పద్ధతి లేదని ఇప్పుడు తెలుస్తోంది.

మాది సోంపేట పక్కన జీడితోటల్లో ఇల్లు. అల్లుడు మాతోనే ఉంటాడు. బళ్లకి వైరింగు చేసే పని వచ్చు. కిందటేడు ఒక చిన్న కారుని ముక్కలు ముక్కలుగా పెట్టెల్లో తెప్పించుకుని, మా కొబ్బరికాయల పాకలో పెట్టుకుని సొంతంగా కట్టడం మొదలెట్టాడు. ఇనుప చట్రం, దాని పైన మనుషులు కూర్చునే తొట్టి పెట్టెల్లో వచ్చాయి. ఇంజను ఏదో పాత కారుది. వైర్లు మాత్రం ఒక్కోటీ తానే కొలిచి, కోసి, చుట్టి, టేపు వేశాడు. టెక్కలిలో ఒక షెడ్డాయన ఆ బండి తెచ్చి చూపించమన్నాడు. పని నచ్చితే తన షెడ్డులో వైరింగంతా ఇతనికే అప్పగిస్తానన్నాడు. గురువారం రమ్మన్నాడు.

అంతకు కొన్నాళ్ల ముందు అల్లుడు ఏదో సామానుకని పలాస వెళ్లాడు. నేను పాకలోకి వెళ్లి బండి చూశాను. చట్రానికి శుభ్రంగా నల్లరంగు వేసి, వైర్లు బిగించిన చోటల్లా రంగు గీకేసి ఉంది. తెల్లటి ఇనుము బయటకి కనబడుతోంది. మాది సముద్రపుగాలి తగిలే చోటు. కత్తిపీటని రెండ్రోజులు వదిలేస్తే ఎర్రబడిపోతుంది. ఇంత డబ్బు పోసి ఇంత అశ్రద్ధేమిటని నాకు ఒళ్లు మండింది.

జీడిపిక్కల తొక్క నుంచి తీసిన నల్లనూనె మా ఇంట్లో ఎప్పుడూ సీసాలో ఉంటుంది. తలుపులకి, దూలాలకి చెద పట్టకుండా పూస్తాం. చేతికి తగిలితే పుండు పడుతుంది, ఆరితే మాత్రం గట్టి పొర కడుతుంది, నీరు దిగదు. పుల్లకి గుడ్డ చుట్టి ఆ నూనె గీకిన చోటల్లా పూశాను. బోల్టులు అప్పటికి చేత్తోనే బిగించి ఉన్నాయి. ఒక్కోటీ వదులు చేసి దాని కింద కూడా పూసి, మళ్లీ బిగించాను. తుప్పు మొదలయ్యేది బోల్టు కిందే కదా. నల్లరంగు మీద నల్లనూనె, ఆరాక ఏమీ తెలియలేదు. అతను వచ్చి వాటి మీదే పానా పెట్టి బిగించేసుకున్నాడు. నేను చెప్పలేదు. మంచిపని చేశాను, చెప్పుకోవడం ఎందుకనుకున్నాను.

తర్వాత బ్యాటరీ పెట్టి బండికి కరెంటు ఇచ్చాడు. బ్రేకు నొక్కితే, మలుపు తిరిగేటప్పుడు వెలగాల్సిన పక్కదీపం కొట్టుకుంటోంది. హారను కొడితే ముందు లైట్లు మసకబారుతున్నాయి. పెట్రోలు ముల్లు తనిష్టం వచ్చినట్టు ఊగుతోంది. నేను తలుపు వెనక ఊరుకోలేదు.

"ఏటే, మీ ఆయన కారు కట్టినాడా, అమ్మోరి పండక్కి సీరియల్ సెట్టు కట్టినాడా?" అన్నాను. కూతురు నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను తల ఎత్తలేదు.

ఆదివారం నాడు కూతురు అతని దగ్గర కూర్చుని, తప్పెక్కడుందో తెలియట్లేదా అని అడుగుతోంది. అతను విడమరిచి చెప్పాడు. కరెంటు తీగలోంచి వచ్చి దీపం వెలిగించి, తిరిగి చట్రంలోంచే బ్యాటరీకి పోవాలట. దాన్ని ఎర్తు అంటారట. రంగైనా మట్టైనా అడ్డముంటే పోలేక వేరే దీపాల్లోంచి దారి వెతుక్కుంటుందట.

"అందుకే ఆ సోట్లన్నీ నానే గీకి బిగించినాను. అక్కడ తప్పుండదు," అన్నాడు.

తలుపు వెనక బియ్యం చెరుగుతూ అంతా విన్నాను. నేను మూడో తరగతి దాటలేదు గానీ ఆ మాట అర్థం కావడానికి అంత చదువు అక్కర్లేదు.

అప్పుడే చెప్పాల్సింది. కూతురిని అడ్డం పెట్టుకుని చెప్పే మాట కాదది. ఎదురుగా వెళ్లి చెబుదామంటే, ఇన్నాళ్లూ నేనన్నవన్నీ ముందు నేను మింగాలి. నూనె వల్ల కాకపోవచ్చులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సోమవారం అతను చుట్టిన టేపంతా విప్పేశాడు. మంగళవారం కట్టరు పట్టుకుని తీగలు కోసేసి మళ్లీ కొత్తగా వేయడం మొదలెట్టాడు. తన చేతి మీద నమ్మకమున్న చోటు తప్ప మిగతా బండంతా వెతికాడు. బుధవారం కూతురితో అంటున్నాడు, ఈ పని తనకి రాదని, షెడ్డాయనకి ఫోను చేసి రానని చెప్పేస్తానని.

అప్పుడు పాకలోకి వెళ్లాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కూతురు గుమ్మంలో ఆగిపోయింది.

"బాబూ, నీ పని కాదు. ఆ బోల్టుల కింద నాను జీడినూనె రాసినాను," అన్నాను.

అతను వంగి ఒక బోల్టు విప్పి, గోరుతో ఆ పొరని గీకి చూశాడు.

"ఎప్పుడు తెలిసినాది, అత్తా?"

"ఆదివారం."

ఆ ఒక్కదానికి అతని ముఖం మారింది. నూనె పూసినందుకు కాదు. "సోమారం సెప్పినా సరిపోయేది," అన్నాడు, కోపం లేకుండా. కోప్పడి ఉంటే నాకు బాగుండేది.

ఉప్పుకాగితం తీసుకుని నేనూ కూర్చున్నాను. ఇద్దరం అన్ని చోట్లా గీకాం. గీకిన చోట తీగ ముట్టిస్తే దీపం నిలకడగా వెలిగింది. కానీ కోసేసిన తీగలన్నీ మళ్లీ వేసేసరికి శనివారమైంది. టెక్కలి షెడ్డాయన అప్పటికే వేరొకరిని పెట్టుకున్నాడు.

మొన్న ఆ బండిలోనే నన్ను సోంపేట సంతకి తీసుకెళ్లాడు. కొబ్బరికాయలు కొనే ఆయన బండి చుట్టూ తిరిగి చూసి, టెక్కలి పని ఎందుకు పోయిందని అడిగాడు.

"ఎర్తు నానే సరిగా బిగించలేదు బావా," అన్నాడు మా అల్లుడు.

ఆయన నవ్వి, ముందు పని నేర్చుకోరా అన్నాడు. ఇతనూ నవ్వాడు. నేను వెనక సీట్లో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అక్కడ తలుపు లేదు, అడ్డం కూతురూ లేదు. అయినా నోరు విప్పలేదు. ఇల్లు చేరేదాకా అల్లుడు నాతో, పాకలో మాట కలిసినప్పటి నుంచి ఎలా మాట్లాడుతున్నాడో అలాగే మాట్లాడాడు, ఎండగా ఉంది కొంగు కప్పుకోమన్నాడు.

రేపు కొబ్బరికాయలు ఎత్తుకెళ్లడానికి ఆ కొనే ఆయన మా ఇంటికి వస్తాడు. ఆ బోల్టుల కింద నూనె రాసింది నేనని, అల్లుడు ఉండగానే ఆయనకి చెప్పాలి.