రాళ్ళు కరిగించిన మామ

ఎనిమిదో తరగతికి భిన్నాలు చెబుతుండగా ఫోను వణికింది. మా బడిలో క్లాసు మధ్యలో ఫోను ఎత్తకూడదు. మా ఆయన పేరు చూసి వరండాలోకి వచ్చాను. "నాయన పోయినాడు" అన్నాడు. మామ నాలుగు రోజులుగా తిరుపతి ఆసుపత్రిలో ఉన్నారు. ముందురోజు గంజి తాగారని, ఇంటికి పంపిస్తారని అందరం చెప్పుకున్నాం. గోడ పట్టుకుని నిలబడి నేను మొదట అనుకున్న మాట చెబితే మీరు ఛీ అంటారేమో. "అయ్యో, ఇంక ఆయన బతికుండగా ఆ మాట చెప్పలేను కదా" అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది.

ఒక మాట ఎనిమిది నెలలుగా నా గొంతులో ఉండిపోయింది. నా మీద పడాల్సిన మచ్చ ఒకటి మామ పేరు మీద పడింది. దాన్ని తుడవడానికే ఇది రాస్తున్నాను. అంతకుముందు మామ ఎలాంటి మనిషో చెప్పాలి.

మా మామ, అంటే మా ఆయన తండ్రి, బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు సూపర్వైజరుగా చేసి రిటైరయ్యారు. మిషన్లో ఒక వైపు కాయ పోస్తే ఒక వైపు గుజ్జు వస్తుంది, ఇంకో వైపు తొక్కా టెంకా బయటపడతాయి. అందరూ గుజ్జు వైపు చూస్తుంటే ఈయన తొక్క వైపు నిలబడేవారు. పిడికెడు తొక్క తీసి పిండేవారు. వేళ్ళ సందున పసుప్పచ్చగా రసం కారిందా, మిషను ఆపాల్సిందే. "వచ్చేది కాదు పాపా, పోయేది సూడల్ల" అనేవారు నాతో. ఇంట్లోనూ అంతే. అత్త పిండి గిన్నె కడగబోతే చేయి పట్టుకుని ఆపి, వేలితో గీరి, రెండు దోసెలకు సరిపడా తీసి చూపించేవారు. "ఈ మనిషితో నేను యేగలేనమ్మా" అని అత్త తల కొట్టుకునేది.

నా పిచ్చి వేరు. బడి నుంచి వచ్చాక కంప్యూటరు ముందు కూర్చుని ఆన్‌లైన్‌లో ఒక అంతరిక్షపు ఆట ఆడతాను. వేలమంది ఒకేసారి ఆడే ఆట అది. నక్షత్రాల మధ్య తేలే బండలను ఓడలతో తొలిచి, ఆ రాళ్ళను మన స్థావరానికి మోసుకొచ్చి, కరిగించి లోహం తీయాలి. ఆ లోహంతో కొత్త ఓడలు కట్టుకోవాలి. మాది పది మంది దండు. అందరం తెలుగువాళ్ళమే. ఒకరి ముఖం ఒకరం చూడలేదు, హెడ్‌ఫోన్లలో గొంతులు మాత్రం తెలుసు. మా నాయకుడు మదనపల్లె మనిషి, కెప్టెన్ అని పిలుస్తాం.

మా ఇంట్లో కోడలు మామ ఎదుట కుర్చీలో కూర్చోదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు, అలా జరిగిపోతూ వచ్చింది. ఆయన గదిలోకి వస్తే నేను లేచి తలుపు పక్కన నిలబడేదాన్ని. ఒకరోజు మజ్జిగ గ్లాసు పట్టుకుని వచ్చి నా తెర వైపు చూశారు. నేను లేచాను.

"ఏంది పాపా, బండలు నలగ్గొడతా ఉండావు?"

"కరిగిస్తే లోహం వస్తుంది మామా."

"వంద రాళ్ళేస్తే యెంతొస్తుంది?"

"సగం దాకా వస్తుంది."

"మిగతా సగం యాడికి పోతా ఉండాది?"

నాకు తెలియదు. రెండేళ్ళుగా ఆడుతున్నాను, లెక్కల టీచర్ని కూడాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. మామ మొహంలో నిజంగానే బాధ కనిపించింది. "సగం పారబోస్తా ఉండావా! సామీ!" అని ఇంకో కుర్చీ లాక్కున్నారు. "నువ్వూ కూసో. నిలబడి యెట్ల సూపిస్తావు?" ఆయన పక్కన నేను కూర్చున్నది అదే మొదటిసారి. వీపు కుర్చీకి ఆనించడానికి నాకు వారం పట్టింది.

మా ఆయన పాత లాప్‌టాప్ మామది అయింది. ఆ ఆటలో రాయిలో ఎంత శాతం లోహంగా మిగులుతుందో కరిగించే మనిషి నేర్పును బట్టి ఉంటుంది. ఒక్కో రకం రాయికి ఒక్కో నేర్పు. అది నిజమైన రోజుల లెక్కన, వారాల లెక్కన పెరుగుతుంది. మేమంతా అన్నీ తలా కాస్త నేర్చుకున్నాం. మామ మాత్రం ఒక్క ఊదారాయినే పట్టుకున్నారు. దొరకడం కష్టం, విలువ ఎక్కువ. దాని నేర్పును చివరిదాకా పెంచారు. రెండు రకాల రాళ్ళు కలిపి పోయనిచ్చేవారు కాదు. "తోతాపురిలో బేనీషా కలిపితే రెండూ చెడతాయబ్బా, వేరుచేసి తెండి" అని మామిడికాయల భాషలోనే మైకులో కెప్టెన్‌ను కసిరేవారు. ఆరు నెలలు తిరిగేసరికి మా సగం కాస్తా నూటికి తొంభైకి దగ్గరపడింది. దండులో అందరికీ ఆయన మామే అయ్యారు.

ఇంకో అలవాటు ఉండేది. రాళ్ళు వంద నిండితేనే ఒక వాయి కరుగుతుంది. మిగిలిన చిల్లర రాళ్ళను మేము ఎక్కడో పడేసేవాళ్ళం. ఫ్యాక్టరీలో పొద్దుపోయేటప్పటికి నిండని క్రేటును మిషన్లో పోయకుండా, దాని మీద సుద్దతో "రేపటికి" అని రాసి పక్కన పెట్టించేవారట. మర్నాడు పని ఆ క్రేటుతోనే మొదలు. ఆటలోనూ నిల్వగదిలో ఒక డబ్బా పెట్టి, దానికి రేపటికి అని పేరు రాశారు.

ఇప్పుడు ఆ ఆదివారం సంగతి చెప్పాలి.

సాయంత్రం నాలుగుకు మా స్థావరాన్ని కూలుస్తామని శత్రుదండు కబురు పెట్టింది. వాళ్ళు మాకంటే పదింతలు. ఎదిరించలేం. కానీ నిల్వలో, మామతో కలిపి పదకొండు మందిమి నాలుగు నెలలు తొలిచి తెచ్చిన ఊదారాయి ఉంది. దాంతో పెద్ద ఓడ కట్టాలని మా ఆశ. రాయిగా అయితే ఆ బరువు మోసే ఓడలు మాకు లేవు. కరిగిస్తే రెండు ఓడల్లో పడుతుంది. మూడింటికి మామ కరిగించాలి, వెంటనే ఓడలు దాటిపోవాలి. అదీ మా ఏర్పాటు.

ఆ రోజు పొద్దున మామ వాళ్ళక్క వడమాలపేట నుంచి వచ్చారు. పెద్దమ్మ అంటాను నేను. ఊళ్ళో ఎవరింట్లో ఏ కోడలు ఎలా నడుచుకుంటుందో ఆమెకు కంఠతా వచ్చు. "అక్కను రెండుంబావు బస్సెక్కించి వచ్చి కూసుంటా" అన్నారు మామ. అందరం భోంచేశాం. అక్కాతమ్ముళ్ళు హాల్లో మాట్లాడుకుంటున్నారు. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని కాపలా కూర్చున్నాను.

రెండు కూడా కాలేదు. "వచ్చేసినారు! అబద్ధం చెప్పినారు నా కొడుకులు!" అని కెప్టెన్ అరిచాడు. తెర నిండా ఎర్రచుక్కలు. "అక్కా, మామ యాడ? పది నిమిషాలే ఉండాది. మామను పిలువు!"

మామ లాప్‌టాప్ నా పక్కనే మూసి ఉంది. దాని పాస్‌వర్డ్ ఆయనకే తెలుసు. లేచి గుమ్మం దాకా వెళ్ళాను. ఎనిమిది అడుగుల దూరంలో మామ. "మామా, ఒక్కసారి రాండి" అంటే చాలు. అనలేదు. ఎందుకని పెద్దమ్మ అడుగుతుంది. మామాకోడళ్ళు పక్కపక్కన కూర్చుని ఆటలాడుతున్నారని పొద్దుగూకేలోపు వడమాలపేటంతా తెలుస్తుంది. ఈ వయసులో ఆయన తల దించుకోవాలి. మామ నా వైపు చూశారు. నేను కొంగు సర్దుకుని, "పెద్దమ్మా, నీళ్ళు కావాలా?" అన్నాను.

వద్దంది ఆమె. వెనక్కి వచ్చాను. "అక్కా, గోడ కూలతా ఉండాది! ఎవరో ఒకరు నొక్కండి!" నిల్వలో ఉన్నదంతా, వేరు చేయకుండా, నా నేర్పుతో నేనే కరిగించేశాను. ఒక్క నొక్కు. సగం లోహం వచ్చింది. మిగతా సగం గాలిలో కలిసింది. ఓడలు మాత్రం దాటాయి.

మామ బండి తాళం కోసం గదిలోకి వచ్చేసరికి కెప్టెన్ గొంతు హెడ్‌ఫోన్లు దాటి బయటికే వినబడుతోంది. "ఎవరు నొక్కినారు? నాలుగు నెలల రాయి! సగమే ఉండాది!" ఎవరు నొక్కారో ఆ ఆట చూపించదు. మామ తెర చూశారు. నా మొహం చూశారు. నా తల మీది హెడ్‌ఫోన్లు తీసుకుని మైకు నోటి దగ్గర పెట్టుకున్నారు.

"నేనేబ్బా. కంగారు పడినా, పాప కంప్యూటరులోనే నొక్కేసినా."

మామ హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి, తాళం తీసుకుని, అక్కను బస్సెక్కించడానికి వెళ్ళిపోయారు.

పెద్ద ఓడ ఆగిపోయింది. దండులో ఇద్దరు విసుగెత్తి మానేశారు. కొత్త స్థావరంలో కరిగించే పని మామకు ఇవ్వలేదు. "వయసైంది కదా అక్కా, మామను ఊరికే తొలచమందాం" అన్నాడు కెప్టెన్. నేను ఊ కొట్టాను. సిగ్గులేకుండా ఊ కొట్టాను! చెప్పేస్తానని మామతో రెండుసార్లు అన్నాను. "యిడిసిపెట్టు పాపా, నాకేం పోయింది?" అన్నారు. పోయేదేదో చూడాలని నాకు నేర్పిన మనిషి ఆ మాట అనడం నాకు నచ్చలేదు. అయినా నోరు మూసుకున్నాను. ఆయన వారానికోసారి ఒంటరిగా చిన్న ఓడలో వెళ్ళి ఒకటో రెండో ఊదారాళ్ళు తెచ్చి, కొత్త స్థావరంలోనూ పెట్టుకున్న తన రేపటికి డబ్బాలో వేసుకునేవారు.

పదకొండో రోజు కర్మ అయ్యాక పెద్దమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ ఆదివారం నువ్వు వాకిలి కాడ నిలబడితివే, వాడు లేవబోయినాడు. నా మాట యాడ విన్యాడు, చెవంతా నీ గది మీదే. నువ్వు నీళ్ళు కావాలా అనేసరికి కూలబడినాడు."

నేను తలెత్తి ఆమె వైపు చూశాను.

"బస్టాండులో చెప్పినాడులే. 'నా కోడలు నన్ను పక్కన కూసోబెట్టుకుని కంప్యూటరులో రాళ్ళు కరిగించేది నేర్పించిందక్కా' అని. నాకేం అర్థం కాలా. వాడి సంబరం సూడల్ల నువ్వు! నన్నూ పిలిచింటే నేనూ సూసుందును కదమ్మే."

ఎవరికి తెలిస్తే ఆయన పరువు పోతుందని భయపడ్డానో, ఆమెకు ఆయనే ఆ రోజే గొప్పగా చెప్పుకున్నారు. అప్పటికి రాయి పోయింది, నింద పడింది. అయినా చెప్పుకున్నారు.

ఆ సాయంత్రమే దండంతా మామ కోసం ఒకచోట ఓడలు ఆపి నిలబడింది. మానేసిన ఇద్దరూ వచ్చారు. కెప్టెన్ మాట్లాడాడు. "ఒక్కసారి తప్ప మామ చేయి యెప్పుడూ తప్పలా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు.

"ఆ ఒక్కసారీ తప్పలేదు" అన్నాను. "నొక్కింది నేను. పిలవడానికి సిగ్గుపడి నేనే నొక్కాను. మామ చేయి ఒక్కసారి కూడా తప్పలేదు."

మొత్తం చెప్పాను, నీళ్ళ మాటతో సహా. తిడతారనుకున్నాను, తిడితే బాగుండేది. కెప్టెన్ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "అక్కా, మామ డబ్బాలో యెన్నుండాయి?" అని అడిగాడు.

తెరిచి చూశాను. అరవై మూడు. వాయికి ఇంకా ముప్పై ఏడు కావాలి. ఎవరూ ఏమీ అనుకోకుండానే ఓడలు కదిలాయి. తలా నాలుగు తెచ్చి డబ్బాలో వేశారు. చివర నేను వెళ్ళి ఒక్క రాయి తెచ్చి వేశాను. వంద నిండింది. "నొక్కేద్దామా?" అని ఎవరో అన్నారు. వద్దన్నాను.

ఊదారాయి నేర్పు నేను మొదలుపెట్టి నాలుగు రోజులైంది. మామంత కావడానికి ఇంకా ఎనభై ఆరు రోజులు పడుతుందని ఆట చెబుతోంది. తొందర లేదు. పక్క కుర్చీలో ఇప్పుడు అత్త కూర్చుని వక్కాకు నములుతూ, "ఇంగా కాలేదా మే?" అని రోజూ అడుగుతోంది. లేదత్తా అంటాను. తెర మీద మామ డబ్బా నిండుగా ఉంది. దాని మీద ఆయన రాసిన మాట అలాగే ఉంది: రేపటికి.