నానమ్మా, పో

మొన్న చాంగీ బిజినెస్ పార్కులో మధ్యాహ్నం భోజనానికి దిగేసరికి, మా జట్టులో కొత్తగా చేరిన కరీంనగర్ ఇంజనీరు టిష్యూ ప్యాకెట్టు పెట్టి నాకు కూడా ఒక కుర్చీ చోప్ చేసి, అంటే ఇక్కడి మాటలో ముందే పట్టిపెట్టి, ఉంచాడు. ఆ మర్యాద వెనక పనేదో ఉందని కూర్చోగానే తెలిసింది. "అన్నా, మీ పాపను గా ఫిలిప్పీనో స్కూల్ల ఎందుకేసిన్రు? మావోడు గూడ వచ్చే ఏడు బడికి పోవాలె. మీ దగ్గర ఎక్సెల్ షీటు ఉంటది గదా, జర పంపున్రి" అన్నాడు. ప్రెషర్ కుక్కర్ కొన్నా పట్టిక వేసుకునే మనిషినని ఆఫీసులో అందరికీ తెలుసు. పంపిస్తానన్నాను గాని, తిరిగొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాక చాలాసేపు పని సాగలేదు.

దేశం వదిలి వచ్చి, పిల్లల్ని ఏ భాషలో పెంచాలో తేల్చుకోలేక తల పట్టుకున్న నా ఈడువాళ్ళకు అప్పటి మా ఇంటి పరిస్థితి విడమర్చి చెప్పనక్కర్లేదు. కాకపోతే మాది ఒక మెలిక ఎక్కువ. నాది తెనాలి, మా ఆవిడది ఫిలిప్పీన్స్‌లో బతాంగస్. మొదటి ఉద్యోగంలో ఇద్దరం ఒకే అంతస్తులో పనిచేసేవాళ్ళం. అప్పటికి యూ టీ అనే పేటలో మా ఫ్లాటులో నేను అమ్మాయితో తెలుగు, తను తగాలోగ్, మేమిద్దరం ఒకరితో ఒకరం ఇంగ్లీషు. ఐదేళ్ళ మా అమ్మాయికి అన్నీ అర్థమయ్యేవి, జవాబు మాత్రం ఎవరికైనా ఇంగ్లీషులోనే వచ్చేది. అన్నం తినమ్మా అని నేనంటే "డోంట్ వాంట్ లా" అనేది. వాళ్ళమ్మ బతిమాలినా అదే మాట, చివర ఇక్కడివాళ్ళు ఇంగ్లీషుకు తగిలించే అదే లా తోక.

ఆదివారం పొద్దున బతాంగస్ నుంచి మా అత్తగారు వీడియోలో కనిపించేవారు. అమ్మమ్మను వాళ్ళు లోలా అంటారు. ఆవిడకు ఇంగ్లీషు అంతగా రాదు. ఆవిడ ఒకటి అడగడం, పిల్ల ఇంగ్లీషులో ఏదో చెప్పడం, మా ఆవిడ మధ్యలో కూర్చుని అటుదిటూ ఇటుదటూ చేరవేయడం. కాసేపటికి పిల్ల బొమ్మల దగ్గరికి పరిగెత్తేది, ఆవిడ నవ్వుతూ ఖాళీ సోఫాను చూస్తూ ఉండిపోయేవారు. ఫోను పెట్టేశాక మా ఆవిడ కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. తను కోరింది ఒక్కటే, తన తల్లీ తన కూతురూ మధ్యలో తను లేకుండా మాట్లాడుకోవాలని.

అలాంటప్పుడు బిషాన్ వైపు ఒక చిన్న బడి సంగతి తెలిసింది. పొద్దున ఫిలిప్పీనో, అంటే మా ఆవిడ తగాలోగే, మధ్యాహ్నం ఇంగ్లీషు. కొన్నేళ్ళుండి వెళ్ళిపోయే కుటుంబాలకూ, వెళ్ళి మళ్ళీ తిరిగొచ్చిన కుటుంబాలకూ వీలుగా పెట్టిన బడి. నేను యథాప్రకారం పట్టిక వేశాను. ట్రైనులో ఎంతసేపు, తరగతిలో ఎంతమంది, రేపు మనీలా వెళ్తే ఈ చదువు పనికొస్తుందా, విజయవాడ వెళ్తే పనికొస్తుందా, ఇక్కడే ఉండిపోతే ఏమిటి. అన్ని గడులకూ ఏదో ఒక సమాధానం దొరికింది. తెలుగు అన్న గడి మాత్రం ఏ బడికి చూసినా ఖాళీ.

ఆ ఖాళీని పట్టిక చూడకుండానే పట్టేసింది మా అమ్మ. మా దగ్గర కొన్నాళ్ళుందామని అప్పుడే తెనాలి నుంచి వచ్చింది. "దానికొచ్చిన తెలుగే అంతంతమాత్రం. ఇప్పుడు నెత్తిన ఇంకోటి రుద్దితే నేనూ అదీ మూగసైగలు చేసుకోవాలిరా" అంది. అందులో తప్పు పట్టడానికేముంది? ఒక అవ్వకు మనవరాలిని దగ్గర చేస్తే, ఇంకో అవ్వకు దూరం చేసినట్టే. పట్టికలో ఏ గడికి ఎన్ని మార్కులు వేసినా ఈ లెక్క తెగలేదు. చివరికి, ఒక వారం వచ్చి కూర్చోనిచ్చి, నచ్చితేనే చేర్చుకుంటామని బడివాళ్ళు చెబితే, ఆ వారానికి మాత్రం అమ్మ ఒప్పుకుంది, అదీ మొహం ముడుచుకునే.

ఆ వారం ఇంకా పూర్తి కాలేదు. ఒక సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అమ్మ ముందు నిలబడి, ఆవిడ కుడిచెయ్యి రెండు చేతులతో అందుకుని, తల వంచి తన నుదుటికి ఆనించుకుంది. అమ్మ మురిసిపోయి దీవించబోయింది. పిల్ల తలెత్తి, ఎంతో వినయంగా, "నానమ్మా, పో!" అంది.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "ఏంటే? నన్ను పొమ్మంటున్నావా?"

"ఓపో!" అంది పిల్ల, ముఖం వెలిగిపోతూ.

"విన్నావుట్రా? వారం తిరక్కుండానే పొమ్మనడం నేర్పారు! అదీ చెయ్యి పట్టుకుని మరీ!"

వంటింట్లోంచి వచ్చిన మా ఆవిడ సంగతి అర్థమై గోడకానుకుని పొట్ట పట్టుకుంది. నవ్వు ఆగితే గదా చెప్పడానికి. నేనే చెప్పాల్సి వచ్చింది. వాళ్ళ భాషలో పెద్దవాళ్ళతో ఏ మాటన్నా చివర పో చేరుస్తారని, పో అంటే మన అండీ అని, ఓపో అంటే అవునండీ అని, చెయ్యి నుదుటికి ఆనించుకోవడం మనం కాళ్ళకు దణ్ణం పెట్టడం లాంటిదని.

అమ్మ చేతిలోని చిక్కుడుకాయను పక్కన పెట్టేసింది. తర్వాత మెల్లగా, "నేను మా అత్తగారిని అండీ అన్నాను, మీ నాన్నను అండీ అన్నాను, ఆడపడుచులనూ అన్నాను. నన్ను ఇంట్లో అండీ అన్నవాళ్ళు లేరురా. మీరంతా నువ్వు అనేవాళ్ళేగా" అంది. పిల్లవైపు తిరిగి, "ఏదీ, ఇంకోసారి అనవే" అంది.

"నానమ్మా, పో!"

"పోనే, పోను!"

ఇక అది వాళ్ళిద్దరి ఆట అయిపోయింది. పిల్ల పొమ్మనడం, అమ్మ పోననడం, ఇద్దరూ పడీపడీ నవ్వడం. ఆ నవ్వులో, మాకెవరికీ తెలియకుండానే, పిల్ల నోట తెలుగు రావడం మొదలైంది. పో తగిలించాలంటే ముందు మాట కావాలి గదా, ఆ మాట నానమ్మకు తెలిసినదై ఉండాలి గదా! "అన్నం తిన్నా పో" అనేది. నన్ను పిలుస్తూ "నాన్నా, రా పో" అనేది, రమ్మంటుందో పొమ్మంటుందో తెలియక నేను గుమ్మంలోనే ఆగిపోయేవాణ్ణి. కోడ్ రాసి బతికేవాణ్ణి. రెండు భాషల ముక్కలు ఒకదానికొకటి అతకాలంటే మధ్యలో ఎంత పని ఉంటుందో నాకు తెలుసు. ఐదేళ్ళ తల, ఎవరూ నేర్పకుండా, ఆ గౌరవమొక్కటీ ఒక భాషలోంచి ఊడదీసుకుని ఇంకో భాషలో బిగించుకుంది.

ఆ ఆదివారం లోలా కనిపించి ఏదో అడిగారు. మా ఆవిడ నోరు తెరిచేలోపే పిల్ల "ఓపో, లోలా" అంది, ఇంకో రెండు మాటలు కూడా అంది. తెర ఒక్కసారిగా చీకటైపోయింది. నెట్టు పోయిందనుకున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకోబోయి, ఫోను మీద చెయ్యి పెట్టేసుకున్నారు. సోఫాలో ఈ చివర కూర్చున్న మా అమ్మకు భాష తెలియదు గాని, ఆ చీకటి ఏమిటో నాకంటే ముందే తెలిసింది. "ఆ బళ్ళోనే వెయ్యరా. తెలుగు సంగతి నేను చూసుకుంటా" అంది.

అన్నట్టే చూసుకుంది. తెనాలి తిరిగి వెళ్ళాక కూడా, రోజూ సాయంత్రం ఫోనులో కూర్చోబెట్టి కబుర్లు చెప్పించింది. ఇప్పుడు మా అమ్మాయి పెద్దదైంది. లోలాతో తగాలోగ్, నానమ్మతో అచ్చమైన తెనాలి తెలుగు, బయట ఇంగ్లీషు. ఎక్కడ ఏది పెట్టాలో అక్కడే పెడుతుంది, ఒకటి ఇంకోదానిలో ఒలకదు. "బాగున్నారా నానమ్మా, భోంచేశారా" అని గౌరవాలన్నీ సరైన చోట వేసి అడుగుతుంటే, బాగానే ఉన్నానమ్మా అని మా అమ్మ కూడా సరిగ్గానే జవాబిస్తుంది. ఇద్దరికీ మధ్య ఇప్పుడు తప్పులు లేవు.

ఆ కొన్ని నెలలు మా ఇంట్లో ఇంకొక భాష ఉండేది. దానికి లిపి లేదు, వ్యాకరణం లేదు. లోకం మొత్తం మీద దాన్ని మాట్లాడే మనిషి ఒక్కతే, అర్థమయ్యేది మా ముగ్గురికి. ఒక్క మాటైనా రికార్డు చేసి దాచాలని నాకు తోచలేదు, ఎప్పటికీ ఉంటుందనుకున్నాను. బడివాళ్ళు, మా అమ్మ, ఎవరి పని వాళ్ళు చక్కగా చేశారు. మాట్లాడిన పిల్ల ఇక్కడే, పక్క గదిలోనే కూర్చుని చదువుకుంటోంది. ఆ భాషలో ఒక్క ముక్క చెప్పమ్మా అంటే, అలా నేనెప్పుడన్నాను నాన్నా, అంటుంది.