పడవ రాలేదంటే చప్పట్లు

మా వాట్సాప్ కవుల గ్రూపులో ఎవరేం రాసినా, చదవకుండానే "అద్భుతం" అనాలి. అనకపోతే మన కవితకు మెప్పు దొరకదు. అంత సోమరి ప్రేమను నేనెక్కడా చూడలేదు.

ఈదురుగాలి వీస్తున్న ఒక ఉదయం జాలరిపేట అమ్మాయి గ్రూపులో రాసింది: "నాన్న పడవ ఇంకా రాలేదు. హార్బరు దగ్గర ఎవరైనా ఉన్నారా?"

వెంటనే చప్పట్లు, పూలగుత్తులు. "ఎంత ఆర్తి తల్లీ!" అన్నాడు అడ్మిన్.

"కవిత కాదు సార్! మా నాన్న కోసం అడుగుతన్నాను."

దానికీ చప్పట్లే.

కొత్తవాళ్లతో మాట్లాడాలంటే బెదిరే నేను, హార్బరులో పనిచేసే మావయ్యకు చెప్పి, ఆమెకు ఫోన్ చేశాను. మధ్యాహ్నానికి మావయ్య కబురు పంపాడు: "పడవొచ్చీసింది, ఏడవొద్దని సెప్పు."

మర్నాడు అడ్మిన్ ఆమెకు ఉత్తమ కవయిత్రి ప్రశంసాపత్రం పంపి, రెండో భాగం ఎప్పుడని అడిగాడు.