వంటమ్మ చెప్పిన సైకిలు పాఠం

మా బడిలో వంట చేసే ఆమె మీద నాకు కుళ్లు. దాచుకోవడానికేం లేదు. ఇల్లందు దారిలో, అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా ప్రాథమిక పాఠశాల. కల్లూరు వైపు నుంచి ఆ ఊరికి కోడలిగా వచ్చి, పదకొండేళ్లుగా అక్కడే పాఠాలు చెబుతున్నాను. పిల్లలు నన్ను చూస్తే లేచి నిలబడతారు. ఆమెను చూస్తే ఉరికి వెళ్లి కొంగు పట్టుకుంటారు. నాలుగో తరగతి పిల్ల ఒక్కతే నా పక్షం. అడవిలో ఏరిన తునికిపండ్లు పొద్దున్నే తెచ్చి నా టేబుల్ మీద పెట్టేది. వంటమ్మకు ఒక్కటీ ఇచ్చేది కాదు. అది చూసి లోలోపల ఎంత మురిసిపోయేదాన్నో!

నాలుగు, ఐదు తరగతుల పిల్లలు సగం మంది సైకిళ్ల మీదే వస్తారు. అన్నలవో నాన్నలవో పెద్ద సైకిళ్లు. సీటు అందక కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతారు. పక్కనే బొగ్గు లారీలు. సైకిలు జాగ్రత్తలు ఒక వారం నేర్పమని పైనుంచి ఆర్డర్ వస్తే ప్రాణం పెట్టి చేశాను. అట్టల మీద బొమ్మలు గీశాను. ఆవరణలో ముగ్గుతో రోడ్డు వేశాను. "ఎప్పుడూ ఎడమ పక్కే పోవాలి" అని గొంతు పోయేదాకా అనిపించాను.

మూడో రోజు వంటమ్మ గరిటె చేత్తో పట్టుకునే వచ్చి, నా ముగ్గు రోడ్డును కాసేపు చూసింది.

"టీచరమ్మా, గీ రోడ్డు మీద మక్కలు ఏడున్నయ్?"

"ముగ్గు రోడ్డు మీద మొక్కజొన్న ఏంటి?" అన్నాను.

"మన రోడ్డుకు ఎడమ పక్కంత మక్కలే ఆరబోస్తరు గద. చుట్టూ రాళ్లు పెడతరు. మీరు చెప్పినట్టు పోతే పోరగాళ్లు రాళ్ల మీద పడ్తరు. తప్పిచ్చుకుంటే లారీ కింద పడ్తరు."

పిల్లలు పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే బడి ముందు ఆరబోసిన మొక్కజొన్న మాదే. ఆ రాళ్లు పేర్చింది మా ఆయనే. ఇంటికెళ్లి "తీయించండి" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆమె చెప్పిందని నేను తీయించడమా? నా బొంద!

ఆ మధ్యాహ్నం గిన్నెలు కడగడం అవగానే ఆమె పిల్లల్ని అసలు రోడ్డు మీదికే తీసుకెళ్లింది. గూడెం పిల్లలు ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే చెప్పింది. పదకొండేళ్లయినా ఆ భాషలో నాకు పట్టుమని పది ముక్కలు రావు. మధ్యమధ్య తెలుగు వినిపించింది. "రాళ్ల కంటే ముందే దిగాలె. ఎనకకు చూడాలె. లారీ పోయినంక తోసుకుంట పోవాలె."

పిల్లలు పాటలా అందుకున్నారు. నేను కిటికీలోంచి చూసి ఊరుకోలేక, "వంట మానేసి ఈ పెత్తనాలేంటండీ?" అని హెడ్ మాస్టారికి చాడీ చెప్పాను. ఆయన నవ్వి, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మేడం" అన్నారు.

వారం చివర తనిఖీకి ఆఫీసరు వచ్చాడు. అందరం గేటు దగ్గర నిలబడి ఉన్నాం. దూరంగా నా తునికిపండ్ల పిల్ల సైకిలు మీద వస్తోంది. వెనకే బొగ్గు లారీ హారన్. ముందు మా మొక్కజొన్న.

ఆ పిల్ల రాళ్లకు ముందే దూకి దిగింది. వెనక్కి తిరిగి చూసింది. లారీ దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాక, నింపాదిగా సైకిలు తోసుకుంటూ వచ్చింది.

"శభాష్! ఎవరు నేర్పారమ్మా?" అన్నాడు ఆఫీసరు.

పిల్ల వంటమ్మ వైపు తిరిగి నోరు తెరిచింది. ఆమె చటుక్కున అందుకుంది. "మా టీచరమ్మనే సార్. వారం సంది గొంతు పోయేటట్టు చెప్పింది."

ఆఫీసరు నన్ను మెచ్చుకున్నాడు. నేను తలూపాను. సిగ్గు లేకుండా తలూపాను. ఆ పిల్ల నన్నే చూస్తోంది.

సాయంత్రం మా ఆయనతో పోట్లాడి మొక్కజొన్న ఎత్తించాను. రాళ్లు నేనే దొర్లించాను.

మర్నాడు పొద్దున ఆ పిల్ల ఒడి నిండా తునికిపండ్లతో వచ్చింది. టేబుల్ మీది పుస్తకాలు జరిపి చోటు చేశాను. నమస్తే టీచర్ అని, నన్ను దాటుకుని వంటగదిలోకి వెళ్లింది.