మిషను ముందు కూర్చున్న అత్త

నా చిన్నప్పుడు, సూళగిరి దగ్గరి మా ఊళ్లో, మా ఇంటి ఆడవాళ్లు మట్టి తెచ్చేవాళ్లు, జల్లించేవాళ్లు, తొక్కేవాళ్లు, కాలిన కుండలు నెత్తిన పెట్టుకుని సంతకు పోయేవాళ్లు. కుండ చేసే చక్రాన్ని, సారెను, మాత్రం ముట్టకూడదు. అది మగవాళ్లది. ఎందుకని ఎవరూ అడిగినట్టు గుర్తులేదు.

నేను మూడో తరగతిలో ఉండగా మా తాతకు కుడి భుజం పట్టేసింది. కర్ర పెట్టి సారెను తిప్పలేకపోయాడు. ప్లాస్టిక్ బిందెలు వచ్చి నీళ్ల కుండలు అడిగేవాళ్లు అప్పటికే తగ్గారు. హోసూరు గులాబీ నర్సరీల వాళ్లు మాత్రం పూలకుండీల కోసం వచ్చేవాళ్లు. అదీ పోతే మా కుండల పని మూతపడినట్టే. హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే మా చిన్నాన్న కరెంటుతో తిరిగే చక్రం ఒకటి తెచ్చి బిగించాడు. ఇంట్లో అందరం దాన్ని మిషను అనేవాళ్లం.

తాత దాని ముందు కూర్చున్నాడు. సారెను తిప్పి వదిలితే కుండ లేచేకొద్దీ వేగం తగ్గుతూ వస్తుంది. ఆయన చేతులు నలభై ఏళ్లుగా ఆ తగ్గుదలకు అలవాటుపడ్డాయి. మిషను వేగం తగ్గదు. మూడు సార్లు మట్టి కూలిపోయింది. తాత లేచి, దాని మీద గోనెపట్టా కప్పేశాడు. వారంపాటు దాని దగ్గరికే పోలేదు.

ఒక సంత రోజు ఆయన బయటికి పోగానే మా అవ్వ గోనెపట్టా తీసేసింది. ఇరవై ఏళ్లు మట్టి తొక్కిన మా మేనత్తను పిలిచి, "కూర్చోమ్మా" అంది. అత్త భయపడింది. అవ్వ స్విచ్చు వేసింది. నన్ను వాకిట్లో కాపలా పెట్టారు కానీ, నా కళ్లన్నీ లోపలే ఉన్నాయి. మొదటి ముద్ద వంకరపోయింది. రెండోది కూలింది. మూడోది మెల్లగా లేచి, కుండీలా నిలబడింది.

వెనక్కి తిరిగితే తాత. సంతలో భుజం నొప్పి ఎక్కువై తొందరగా వచ్చేశాడు. అత్త చేతులు మట్టిలోనే ఆగిపోయాయి.

అవ్వ మాత్రం నిదానంగా అంది: "సారెను ఆడది ముట్టగూడదని మీరు చెప్పినారు. మేం ముట్టలేదు. ఇది కరెంటు మిషను. నేను దినామూ పిండి రుబ్బే గ్రైండరుకూ దీనికీ ఏం తేడా ఉండాది?"

తాత వంగి కుండీని చూశాడు. తర్వాత తొట్టి దగ్గరికి పోయి కాళ్లు కడుక్కుని వచ్చి, అత్త పక్కన గొంతుకూర్చున్నాడు.

"బొటనవేలు కొంచెం లోపలికి పెట్టమ్మా. అంచు పలచనైతా ఉండాది."

అత్త చేసిన కుండీలు హోసూరు నర్సరీలకు పోయాయి. తర్వాతి ఏళ్లలో మట్టి కలిపే మిషను వచ్చింది, అచ్చులు వచ్చాయి, గ్యాస్ బట్టీ వచ్చింది. ఇప్పుడు అదే చోట రేకుల షెడ్డులో అత్త చేతికింద పదిమందికి పైగా ఆడవాళ్లు పనిచేస్తారు.

నేను కాలేజీకి పోయే రోజుల్లో తాతను అడిగాను, ఆ రోజు అవ్వ మాటకు ఓడిపోయారా అని. ఆయన నవ్వాడు.

"మీ అవ్వ మాటలకు నేను యాడ ఓడిపోతానమ్మా. కోపంగానే వస్తిని. చూస్తే కుండీ నిలిచి ఉండె. నిలిచినదాన్ని తప్పని ఎట్ల చెప్పేది?"

అవ్వ తెలివి నాకు రాలేదు. తాత మాట మాత్రం నాతోనే ఉంది. మొన్న మా అమ్మాయి ఆ షెడ్డుకు కొత్త కుండీల నమూనాలు కంప్యూటర్లో గీస్తానంది. చేతికి మట్టి అంటకుండా కుండీ ఏమిటని అనబోయాను. ఆగి, "ముందు చూపించమ్మా" అన్నాను. కుర్చీ లాక్కుని అమ్మాయి పక్కన కూర్చున్నాను.