ఆబాలో పుట్టిన ఇటలీ చెప్పు

మా ఆబా ఊరి చెప్పుల బజారులో ఎరొండు దుకాణం ఎక్కడని అడిగితే నలుగురిలో ముగ్గురు తెల్లమొహం వేస్తారు. ఇటలీ దుకాణం ఎక్కడని అడగండి, పనిలో ఉన్నవాడు కూడా తోలు కుట్టే ఆరె కింద పెట్టి మలుపు దాకా వచ్చి దారి చూపిస్తాడు. మనిషి పేరు పోయి ఆయనకు ఓ దేశం పేరు మిగిలింది. ఆ దేశం ఆయన చూసింది లేదు. జన్మలో చేసిన దూరప్రయాణమల్లా లేగోసుకు, అదీ రెండుసార్లు, రెండుసార్లూ తోలు కోసమే.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే మా బజారు సంగతి కొంచెం చెప్పాలి. మా చేతుల్లో పనితనం ఉంది, గుండెల్లో ధైర్యం లేదు. చెప్పును చక్కగా కుట్టి, అంచులు నున్నగా తోమి, చివరికి అడుగుపలక మీద బంగారు రంగు ముద్ర కొడతాం: 'మేడ్ ఇన్ ఇటలీ'. ఆబా అని కొడితే కొనేవాడు దాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని సగం ధర అడుగుతాడు. అదే చెప్పు మీద ఇటలీ అని ఉంటే కాలికి తొడుక్కుని అద్దం అడుగుతాడు. మరి మేమేం చేయాలి? ఎరొండు కూడా అందరిలాగే ముద్ర కొట్టాడు. కాకపోతే ఎవడో దొరగారి పేరు పెట్టుకోబుద్ధి కాలేదు. తన పేరుకే చివర అక్షరం మార్చి 'ఎరొండో' అని చెక్కించుకున్నాడు. ఆ ఒక్క అక్షరంతో ఇటలీవాడైపోయాడు.

ఆయనకు పేరు తెచ్చిన ఆడవాళ్ళ చెప్పు పదకొండేళ్ళ కిందటిది. అది ముందు అమ్మకానికి చేసింది కాదు, పెళ్ళాం కోసం చేసింది. ఓలుచి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూరగాయల బజారులో నిలబడి ఆకుకూర అమ్ముతుంది. మధ్యాహ్నానికల్లా పాదాలు వాచిపోయి బూట్ల అంచులు కోసుకునేవి. ఎడమ పాదానికైతే ఇంకో బాధ కూడా. చిన్నప్పుడు యామ్ దుంప దంచుతుంటే రోకలి జారి చిటికెనవేలి పక్క ఎముక విరిగింది. అది వంకరగా అతుక్కుని అక్కడ ఉసిరికాయంత బొడిపె నిలిచిపోయింది. ఆ పాదాన్ని ఆమె ఎవరి కంటా పడనిచ్చేది కాదు. పెళ్ళికైనా చర్చికైనా మూసిన బూట్లే. ఎండాకాలంలో కూడా అంతే.

ఎరొండు ఆలోచించి ఆలోచించి రెండు పట్టీలను ఒకదాని కింద ఒకటి అడ్డంగా పోనిచ్చాడు. పాదం వాచినకొద్దీ పై పట్టీ కింది పట్టీ మీద జారి చోటిస్తుంది, వాపు తగ్గితే వెనక్కి వస్తుంది. చూడ్డానికి ఇంతే. దాన్ని సాధించడానికి ఆయనకు నాలుగు నెలలు పట్టింది. చెప్పు బిగించడానికి పాదం ఆకారంలో కర్ర అచ్చు కావాలి కదా, ఓలుచి రెండు పాదాలనూ అట్ట మీద గీసి, తడిమి చూసి, అచ్చం అలాగే చెక్కాడు. ఎడమదానికి బొడిపెతో సహా.

"ఊళ్ళో ఇన్ని కాళ్ళుంటే నా వంకర కాలే దొరికిందా నీకు?" అంది ఓలుచి. "నాకు చేస్తే చెయ్యి. అమ్మేవాటికి మాత్రం వేరే అచ్చు చెక్కు. నా కాలు బజారుకెక్కించావో, చూసుకో మరి!"

"ఊఁ," అన్నాడు ఎరొండు.

ఆ ఊఁ దగ్గరే వచ్చింది చిక్కంతా. ఓలుచి ఆకుకూర బుట్టల చాటున మాత్రమే వేసుకునే ఆ చెప్పులు చూసి పక్క కొట్టు ఆవిడ ఒక జత కావాలంది, ఆవిడ చెల్లెలు ఇంకోటి కావాలంది. వేరే అచ్చు చెక్కే తీరిక దొరకలేదు. ఎడమ చెప్పు చిటికెనవేలి దగ్గర అర వేలెడు వెడల్పుగా ఉందని ఒక్కరూ కనిపెట్టలేదు. పైగా, ఎడమదే హాయిగా ఉందన్నవాళ్ళు కొందరు. పదకొండేళ్ళు అవే అచ్చులు. దక్షిణాన ఎనుగు ఊరి నుంచి ఉత్తరాన కానో దాకా ఎన్ని వేలమంది ఆడవాళ్ళు ఓలుచి బొడిపెకు చోటు వదిలిన చెప్పులు తొడుక్కుని తిరిగారో లెక్కలేదు. ఓలుచికి మాత్రం తెలియదు.

అకోబుండు అనే టోకు వ్యాపారి ఎనిమిదేళ్ళుగా ఆ చెప్పులు డజన్లకు డజన్లు తీసుకెళ్ళేవాడు. బజారులో అందరూ ఆయన్ను చీఫ్ అంటారు, అనిపించుకుంటాడు కూడా. కిందటేడు వానలు తగ్గాక ఉన్నట్టుండి సరుకు అడగడం మానేశాడు. రెండు నెలలకు ఏదో పరదేశపు ఫ్యాక్టరీ నుంచి ఆయన గోదాము ముందు కంటైనరు దిగింది. నిండా చెప్పులు. అవే అడ్డపట్టీలు, అదే 'ఎరొండో', అదే ఇటలీ. తోలు మాత్రం తోలు కాదు, ప్లాస్టిక్కు. ధర సగం. ఎరొండు తన జత ఒకటి పట్టుకుని గోదాముకు వెళ్ళాడు.

"చీఫ్, ఇవి నా చెప్పులు కదా?"

"నీవా? ఎక్కడ రాసుందో చదువు."

ఎరొండు చదివాడు.

"నువ్వు ఇటలీలో ఉంటున్నావా తమ్ముడూ? నాకు తెలీదే! ఎప్పుడు దిగావు? విమానంలో వచ్చావా, ఆటోలో వచ్చావా?" గోదాములో మూటలు కడుతున్నవాళ్ళు పగలబడి నవ్వారు. చీఫ్ బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. "ఎరొండో అన్న పేరు నాదని అబుజాలో సర్కారు ఆఫీసులో అర్జీ పెట్టాను. గెజిట్లో ప్రకటన కూడా వచ్చింది. ఇకమీద ఈ ముద్ర నువ్వు కొడితే దొంగ సరుకు చేసేవాడివి నువ్వే. తెలిసిందా?"

ఎరొండు నోట్లో నాలుక లేని మనిషి. తెచ్చిన జత చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు. నాలుగో రోజున బజారు సంఘం వాళ్ళు వచ్చి దుకాణానికి తాళం వేశారు. చీఫ్ ఫిర్యాదు ఇచ్చాడట. దొంగ సరుకు మీద సర్కారు దాడులు జరుగుతున్న రోజులవి, ముద్ర ఉన్న కాగితం చూస్తేనే సంఘానికి చెమటలు. రెండు వందల జతలు గోతాల్లోకి ఎత్తారు. శుక్రవారం విచారణ. తప్పు తేలితే శనివారం బజారు వెనక దిబ్బ మీద పెట్టి తగలబెడతారు, దుకాణం లైసెన్సు రద్దవుతుంది. సొంత చెప్పుకు తానే దొంగై ఊరందరి ముందూ నిలబడాలి. ఆ మనిషికి తల కొట్టేసినట్టయింది.

ఓలుచి ఊరుకోలేదు. తన దగ్గర ఆకుకూర కొనే న్నెనా అనే వకీలమ్మ దగ్గరికి మొగుణ్ణి లాక్కెళ్ళింది. ముప్ఫై దాటని పిల్ల, మాటలో సూటిదనం ఉంది.

"పేరు ఇంకా ఆయనది కాలేదు అంకుల్," అంది న్నెనా. "ప్రకటన వచ్చాక అభ్యంతరం చెప్పడానికి రెండు నెలలు టైముంటుంది. ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. ఆ పేరు ముందు వాడింది మీరేనని చూపించాలి. బిల్లో, రసీదో, ఏదైనా ఉందా?"

ఎరొండు బిల్లు పుస్తకం ఇచ్చాడు. పేజీ పేజీకీ ఆయన గుండ్రటి చేతిరాత: ఇటలీ చెప్పులు, ఆరు డజన్లు. ఇటలీ చెప్పులు, పది డజన్లు.

న్నెనా పుస్తకం మూసింది. "ఇవి నావి కావని మీ చేత్తో మీరే రాసుకున్నారు కదంకుల్."

"చెప్పు నమూనా నాదేనమ్మా. నాలుగు నెలలు కష్టపడ్డాను."

"అమ్మకానికి పెట్టకముందే వచ్చి సర్కారులో రాయించుకుని ఉంటే మీదే. పదకొండేళ్ళు అమ్మేశాక ఇది కొత్త నమూనా అంటే ఎవరు ఒప్పుకుంటారు? పక్క దుకాణాలవాళ్ళు సాక్ష్యం చెబుతారా?"

మేము చెప్పలేదు. దాచడం ఎందుకు, ఉన్నమాట రాస్తున్నాను. లేచి సాక్ష్యం చెబితే, నీ చెప్పు మీద ఏముందయ్యా అని మొదటి ప్రశ్న వస్తుంది. బజారు బజారంతా కుక్కిన పేనులా పడి ఉంది. అందులో నేనూ ఉన్నాను.

ఇంటికి వెళ్ళే దారిలో ఎరొండు ఓలుచి ఎడమకాలి బూటు వంకే చూస్తూ నడిచాడు. రుజువు ఒకటి ఉందని ఆయనకు తెలుసు. ప్లాస్టిక్కు చెప్పును గోదాములోనే తిప్పి చూశాడు, దానికీ ఎడమదే వెడల్పు. నమూనాను ఉన్నదున్నట్టు అచ్చు తీశారు, ఎందుకలా ఉందో అడిగినవాడు లేడు. కానీ ఆ మాట చెప్పాలంటే ఓలుచి కాలు సభలో పెట్టాలి. పదకొండేళ్ళ ఊఁ సంగతి బయటపెట్టాలి. మూడు రోజులు నోరు తెరవబోయి మూసుకున్నాడు.

శుక్రవారం సంఘం గది కిక్కిరిసింది. సభ ఆనవాయితీ ప్రకారం ముందు కోలా కాయ విరిచి పంచారు. అధ్యక్షుడు ఉడోకా ముసలాయన, ఒకప్పుడు ఆయనా చెప్పులు కుట్టినవాడే. బల్ల మీద రెండు జతలు పెట్టారు, ఒకటి తోలుది, ఒకటి ప్లాస్టిక్కుది. చీఫ్ కాగితం చదివి వినిపించి, ఇలాంటి దొంగల వల్లే మన బజారు పరువు పోతోందని గుండెలు బాదుకున్నాడు. ఎంత బాగా మాట్లాడాడంటే, నాకే ఒక్క క్షణం ఎరొండు మీద కోపం వచ్చింది.

"నువ్వు చెప్పవయ్యా," అన్నాడు ఉడోకా.

"ఈ చెప్పు నాదే అన్నా," అన్నాడు ఎరొండు.

"ఇటలీ భాషలో చెప్పు!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. గది గొల్లుమంది.

"నీదే అనడానికి గుర్తేమిటి?"

ఎరొండు తల దించుకున్నాడు. తర్వాత ఓలుచి వైపు ఒక్కసారి చూసి మళ్ళీ దించుకున్నాడు. ఓలుచి ఆ చూపు పట్టేసింది. ఇరవై ఆరేళ్ళ కాపురం, ఆ మాత్రం తెలియదా? లేచి బల్ల దగ్గరికొచ్చి రెండు ఎడమ చెప్పులూ చేతిలోకి తీసుకుంది. అంచు వెంబడి వేలు పోనిచ్చింది. చిటికెనవేలి దగ్గర వేలు ఆగింది.

"ఏమయ్యోయ్," అంది. "వేరే అచ్చు చెక్కానన్నావే?"

"చెక్కానని అనలేదు," అన్నాడు ఎరొండు నేల వైపు చూస్తూ. "ఊఁ అన్నాను."

"ఊఁ అన్నావా! పదకొండేళ్ళు నా కాలు దేశమంతా అమ్ముకుని తిన్నావన్నమాట. ఇంటికి పద, నీ సంగతి చెబుతా." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది కోపమో, సిగ్గో, మరొకటో నాకు తెలియదు. వెంటనే వంగి ఎడమకాలి బూటు విప్పింది.

ఆవిడ బూటు తీసిన ఊపు చూసి చీఫ్ రెండు అడుగులు వెనక్కి వేసి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నిన్ను కొట్టడానికి కాదులే చీఫ్, కంగారుపడకు," అంది ఓలుచి. "ముందు ఇది చెప్పు. నీ చెప్పుకు కుడిదానికంటే ఎడమది ఎందుకు వెడల్పు?"

"ఏదీ?" చీఫ్ చెప్పులు తిప్పి చూశాడు. అప్పుడే మొదటిసారి చూస్తున్నాడని అందరికీ తెలిసిపోయింది. "ఇది... ఇది ఫ్యాషన్."

"ఫ్యాషనా? ఇదిగో నీ ఫ్యాషన్." గౌను అంచు కొంచెం ఎత్తి, ఇన్నేళ్ళు దాచుకున్న ఆ వట్టి పాదాన్ని ప్లాస్టిక్కు చెప్పులో పెట్టింది. బొడిపె అంచులో ఒదిగిపోయింది. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. తర్వాత తోలుదాంట్లో పెట్టింది. అదీ అంతే. ఉడోకా ముసలాయన కుర్చీ దిగి, నేల మీద గొంతుక్కూచుని, కళ్ళజోడు సవరించుకుని చూశాడు. పాతపనివాడు కదా, బొటనవేలితో అంచు నొక్కి చూసి లేచాడు.

"చీఫ్, మీ ఇంట్లో ఇలాంటి కాలు ఎవరికైనా ఉంటే తీసుకురా. అప్పటిదాకా ఆ గోతాలు ఎరొండువే," అన్నాడు.

అప్పుడు లేచాం మేము. ఒకడి వెనక ఒకడు, అవును ఇవి ఎరొండు చెప్పులేనని చెప్పాం. ఆలస్యంగా లేచినందుకు ఓలుచి మమ్మల్ని చూసిన చూపు మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు. న్నెనా అదంతా సంఘం పుస్తకంలో రాయించి, సంతకాలు పెట్టించి, అభ్యంతరంతో పాటు అబుజాకు పంపింది. కేసు ఇంకా నడుస్తోంది. చీఫ్ ప్లాస్టిక్కు చెప్పులు రోడ్డు పక్కన ఇంకా అమ్ముడవుతున్నాయి. అడ్డపట్టీల నమూనా ఎటూ చెయ్యి జారినట్టేనట. ఇక కొత్తది ఏది చేసినా మొదటి జత తన దగ్గరికే రావాలని, బొమ్మ, తేదీ రాసి అర్జీ పెట్టాకే బజారులో పెట్టాలని న్నెనా గట్టిగా చెప్పింది. ఆ మరుసటి నెలలోనే మా వీధి నుంచి ఏడుగురం చంకలో చెప్పులు పెట్టుకుని ఆ పిల్ల గుమ్మంలో నిలబడ్డాం.

ఎరొండు కొత్త ముద్ర చెక్కించడానికి వెళ్ళాడు.

"ఈసారి ఏ దేశం పెట్టమంటావు?" అని అడిగాడు ముద్రలు చెక్కేవాడు, చేతిలో పని ఆపకుండానే.

"ఆబా."

వాడు పని ఆపి తలెత్తాడు. పేరేమిటని అడిగాడు. ఎరొండు చెప్పాడు.

మొదటి జత ఓలుచికి చూపిస్తే ఆమె ముద్ర చదివి, అక్షరాల వెంట వేలు పోనిచ్చింది. తర్వాత కుడిది తిప్పి చూసి, "ఎడమదాని మీదే కొట్టావేం? కుడిది మరిచిపోయావా?" అంది.

"కుడి కాలు అందరికీ ఉండేదేగా," అన్నాడు ఎరొండు.

మొదటి నెల బేరాలు పడిపోయాయి. నిజం చెప్పాలి. ఒక రోజు పోర్ట్ హార్కోర్ట్ నుంచి వచ్చిన బేరగాడు ఆ చెప్పును రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని పెదవి విరిచాడు. "ఆబాదా? ఇటలీది లేదా? ఇంతకీ ఈ ఓలుచి ఎవరు?"

ఎరొండు నోరు తెరిచేలోపు, అన్నం గిన్నె పట్టుకొచ్చిన ఓలుచి దాన్ని బల్ల మీద పెట్టింది. ఆమె కాళ్ళకు బూట్లు లేవు, అడ్డపట్టీల చెప్పులున్నాయి. ఎడమ పాదం ముందుకు చాపి, "నేనే. కొలత చూసుకో," అంది.