మేష్టారు ఏం విన్నారు

మా ఫిడేలు మేష్టారు పోయారని నాన్న రాయగడ నుంచి రాసిన కార్డు గుణుపురంలో నా చేతికి అందేసరికి మూడు రోజులైంది. పదో రోజుకి వెళ్ళాను. వాకిట్లో చెప్పులు విడుస్తుంటేనే ఏడుపు వచ్చింది. గంట తిరక్కముందే మేష్టారి భార్య అన్న ఒక్క మాటకి ఆ ఏడుపు ఆగిపోయింది. ఇది రాస్తున్న ఇప్పటిదాకా మళ్ళీ రాలేదు.

ఆవిడ పక్కన కూర్చుని, "నేను వాయిస్తుంటే చివరిదాకా కదలకుండా వినేవారు" అన్నాను.

"ఇనడమేటమ్మి? ఆయనకి ఆరేళ్ళ నుంచి రెండు సెవులూ ఇనపడవు. నీకు తెల్దేటి?" అన్నారావిడ.

నాకు తెలియదు. మా వీధిలో ఎవరికీ తెలియదు. ఆరేళ్ళ కిందట బిస్సం కటక్‌లో వాళ్ళ చెల్లెలి ఇంట్లో మన్యం జ్వరంతో మేష్టారు నెల రోజులు మంచాన పడ్డారు. గుప్పెళ్ళకొద్దీ క్వినైను మాత్రలు మింగారట. జ్వరం తగ్గింది గానీ చెవుల్లో హోరు మిగిలింది. కొన్నాళ్ళకి ఆ హోరు కూడా వినపడకుండా పోయిందట.

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే సెవిటి మేష్టారి కాడికి ఎవలొస్తారమ్మి? మొకాలు సూసి మాట పట్టుకునేవోరు. పట్టుకోలేని మాటకి నా మొకం సూసేవోరు. నాను పెదాలు కదిపి సెప్పేదాన్ని."

నేను ఆయన దగ్గర ఎనిమిదేళ్ళు నేర్చుకున్నాను. అందులో చివరి నాలుగేళ్ళూ ఆ జ్వరం తర్వాతివే. ఆ నాలుగేళ్ళలోనే నాకు ఫిడేలు పట్టుబడింది. ఇంతకీ నేను ఎవరికి వాయించాను?

మేష్టారిది శ్రీకాకుళం దగ్గర పల్లె. ఒరిస్సా వేరే రాష్ట్రమైన కొత్తలో, ఒక ఫిడేలూ పాడైన హార్మోనీ పెట్టె ఒకటీ తీసుకుని రాయగడ వచ్చారట. హార్మోనీలు బాగుచేసేవారు, ఫిడేలు చెప్పేవారు. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన ముందుగదిలో సభ జరిగేది. సభంటే ముగ్గురే. మేష్టారు, బియ్యం కొట్టున్న మా నాన్న, రైలు గార్డుగారు. గార్డుగారు విశాఖపట్నంలో కచేరీ విన్నా, ఎవరింట్లోనైనా కొత్త గ్రామఫోను చూసినా ఆ ముచ్చట మోసుకొచ్చేవారు.

"ప్లేటు మీద ఫిడేలు ఎంత శుభ్రంగా ఉందో! ఎదురుగా కూర్చుని విన్నా అంత స్పష్టంగా వినిపించదు" అనేవారు గార్డుగారు.

"ముల్లు అరిగితే గీరుతాది కదండీ. మనిషి గీరడు" అనేవారు నాన్న.

ఇద్దరూ తగవు మేష్టారి ముందు పెట్టేవారు. ఆయన ఎప్పుడూ చెప్పేది ఒకటే. "ప్లేటు ఇన్నపుడు నువ్వుంటావు, వాయించినోడు ఉండడు. కచేరీలో ఇద్దరూ ఉంటారు. అంతే తేడా." జ్వరం తర్వాత కూడా ఇదే మాట అన్నారు. అప్పుడు ఏ అర్థంతో అన్నారో నాకు తెలియడం లేదు.

ఎటో చూస్తూ మాట్లాడితే ఆయనకి కోపం వచ్చేది. "మొకం సూసి మాటాడమ్మి" అనేవారు. మర్యాద నేర్పుతున్నారనుకున్నాను. నేను వాయిస్తుంటే ఫిడేలు చెక్క మీద రెండు వేళ్ళు ఆనించేవారు. శ్రుతి చూస్తున్నారనుకున్నాను. మేం అమ్మగారని పిలిచే మేష్టారి భార్య బియ్యం చేట పట్టుకుని వంటింటి గుమ్మంలోనే ఎందుకు కూర్చునేవారో ఎన్నడూ ఆలోచించలేదు.

కానీ టేపు రికార్డరు రోజు సంగతి ఇందులో ఇమడదు. గార్డుగారి బావమరిది మాచ్‌ఖండ్ కరెంటు పనిలో ఇంజనీరు. ఆయన దగ్గర రెండు చక్రాల టేపు రికార్డరు ఉండేది. ఒక ఆదివారం దాన్ని రాయగడ తెచ్చారు. మా కొట్లో కరెంటు ఉంది కాబట్టి అక్కడే బియ్యం బస్తాల మధ్య పెట్టారు. నేను ఒక కీర్తన వాయించాను. తర్వాత టేపు వెనక్కి తిప్పి వినిపించారు. నా వాయింపు నేనే వినడం అదే మొదలు. అయిపోయాక అందరూ మేష్టారి వైపు తిరిగారు. ఆయన పెట్టె మూత మీద అరచెయ్యి పెట్టి, తిరుగుతున్న చక్రాల్ని చూస్తున్నారు.

"సరణం కాడ తొందరపడ్డావమ్మి" అన్నారు.

నిజమే. ఇంజనీరుగారు ఆ చోటే మళ్ళీ వేసి చూపించారు. తాళం ముందుకు పరుగెత్తింది. ఆ రోజు అమ్మగారు కొట్లో లేరు. పెదాలు కదిపి చెప్పేవాళ్ళు లేరు.

ఇది చెబితే అమ్మగారు ఆశ్చర్యపోయారు. "అదెలా సెప్పేరో నాకూ తెల్దమ్మి. అడిగితే నవ్వీవోరు."

ఆ టేపు విన్నాకే మేష్టారు నాన్నతో అన్నారు, "ఈ ఏడు శ్రీరామనవమి పందిట్లో అమ్మిని ఒక్కర్తినీ కూకోబెట్టండి." అమ్మ ఒప్పుకోలేదు. ఆడపిల్ల నడిబజార్లో పందిరెక్కి వాయించడమేమిటని రెండు రోజులు అన్నం మానేసింది. మేష్టారే ఇంటికి వచ్చి, "ఆ వాయింపుకి నాను పూచీ అమ్మా" అన్నారు. ఆ పూచీ మీదే అమ్మ సరేనంది. ఆ పూచీ మీదే నేనూ పందిరెక్కాను.

నవమి సాయంత్రం ఇంకా ఎండ ఉంది. కొండల్లోంచి సంతకి వచ్చిన దేశియా జనం కూడా పందిరి అంచున నిలబడ్డారు. పల్లవి అయింది. సగంలో మైకు సెట్టు బేటరీ పోయింది. పైనున్న బాకా ఒకసారి కీచుమని ఆగిపోయింది. జనం గోల చేశారు. "ఇనపడ్లేదు, ఇనపడ్లేదు" అని వెనక నుంచి అరుపులు. తీగల మీంచి కమాను తీసేయబోతూ మేష్టారి వైపు చూశాను. ఆయన ముందు వరసలో కూర్చుని నా వేళ్ళనే చూస్తూ తాళం వేస్తున్నారు. ఒక్క దెబ్బ తప్పలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. ఆ చేతిని పట్టుకుని నేనూ వాయించాను. జనం అరవడం మాని ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. సద్దుమణిగింది. అంచున ఉన్న ఒక ముసలమ్మ ఒడియాలో, "శుభుచి, బజా" అంది. వినిపిస్తోంది, వాయించు అని. చివరిదాకా వాయించాను.

ఆ తాళాన్ని ఇన్నాళ్ళూ ధైర్యమనుకున్నాను. నాకు భయం వేసినప్పుడల్లా ఆ చేతినే తలుచుకునేదాన్ని. మైకు పోయినట్టు ఆయనకి అసలు తెలియనే లేదా? తెలిసీ ఆపలేదా? గార్డుగారిని అడిగితే ఆయనకి కోపం వచ్చింది. "ఆయనకి చెవుడేమిటమ్మా? ఆవిడ దుఃఖంలో ఏదో అంటోంది" అన్నారు. నాన్న మాత్రం, "జనం కదలడం కళ్ళకి కనపడతాది కదమ్మి. ఆయన కళ్ళు బాగానే ఉండేవి" అన్నారు. ఎవరి మాట నమ్మాలో తేలలేదు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. నా ఫిడేలు మీద ఆయన చెప్పిన తప్పుల్లో ఒక్కటీ తప్పు కాలేదు. మెచ్చుకోలు కూడా అంతేనని నమ్మాలని ఉంది.

ఆయన్ని ఆఖరిసారి చూసింది రెండేళ్ళ కిందట, పెళ్ళయి గుణుపురం వెళ్తున్న రోజు. బస్టాండుకి వచ్చారు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. డ్రైవరు ఇంజను వేసి రయ్యిమనిపిస్తున్నాడు. పైన సామాను కడుతున్నవాళ్ళు అరుచుకుంటున్నారు. మేష్టారు కిటికీ కిందకి వచ్చి నా మొహం చూస్తూ ఏదో చెప్పారు. చిన్న మాట కాదు, చాలాసేపు చెప్పారు. ఆ మోతలో నాకు ఒక్క ముక్కా వినపడలేదు. మళ్ళీ చెప్పమనడానికి మొహమాటపడి, అంతా అర్థమైనట్టు తలూపాను. ఆయన మొహం వెలిగింది. ఆయనా తలూపారు. బస్సు కదిలాక వెనక్కి చూస్తే, గొడుగు వేసుకుని ఆ దుమ్ములోంచి బజారు వైపు నడిచి వెళ్తున్నారు, చెప్పవలసింది చెప్పేసిన మనిషిలా.